నా బీరువాలో వాల్వు సీటు

హిందీ రాష్ట్రంలో, ఉర్లా పారిశ్రామికవాడ దాటాక ఉన్న ఒక స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ పవర్ ప్లాంటులో నా మొదటి ఉద్యోగం. అక్కడ మా మేనేజరు మీద కోపాన్ని పద్నాలుగు నెలలు దాచుకున్నాను. దాన్ని తీర్చుకున్న పద్ధతి గురించి నాకు ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు.

ముందు కారణం చెబుతాను. కొత్త బాయిలరు నుంచి టర్బైనుకు వెళ్లే పైపుల్లో వెల్డింగ్ ముక్కలు, తుప్పు, ఇసుక మిగిలిపోతాయి. టర్బైను తిప్పే ముందు ఆవిరిని జోరుగా వదిలి ఆ చెత్తను బయటికి ఊదేస్తాం. దీన్ని స్టీమ్ బ్లోయింగ్ అంటారు. దారిలో ఉన్న కంట్రోల్ వాల్వు లోపలి ప్లగ్గును, అది కూర్చునే సీటును అంతకుముందే తీసి పక్కన పెట్టాలి. లేకపోతే ఆవిరితో దూసుకొచ్చే రవ్వలు సీటును గీరేస్తాయి. ఆ తరవాత ఎంత బిగించి మూసినా వాల్వు కారుతూనే ఉంటుంది.

మొదటి యూనిట్‌కు ఆ పని చేయలేదు. విప్పడానికి ఒక రోజు, బిగించడానికి ఒక రోజు పడుతుందని చెప్పాను. "టైమ్ నహీ హై, ఛోడో" అన్నాడు మేనేజరు. వదిలేశాం. వారం తిరక్కుండానే వాల్వు కారింది. విప్పి చూస్తే సీటు మీద మూడు గీతలు, గోరు దిగేంత లోతు. రిపోర్టులో కారణం "బిగింపులో ఫిట్టరు నిర్లక్ష్యం" అని రాయమన్నాడు. రాసింది నేనే. ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాను, సంతకం పెట్టాను.

ఆ ఫిట్టరు శ్రీకాకుళం వైపు మనిషి. ఫ్యాక్టరీకి దగ్గర్లోని బీర్‌గావ్‌లో ఉండేవాడు. నేను బాబాయి అని పిలిచేవాణ్ని. మర్నాడే ఆయన గేటు పాసు లాక్కున్నారు. అప్పటినుంచి ఇంటి ముందు రేకుల కింద నీళ్ల పంపులు బాగుచేస్తూ బతికాడు.

రెండో యూనిట్ బ్లోయింగ్ నాకు అప్పగించారు. మేనేజరు సెలవులో ఉన్న రెండు రోజుల్లో వాల్వు విప్పించాను. దాని నోటికి డమ్మీ మూత బిగించాం. లోపలి భాగాలు పది. ఒక్కోదానికి నంబరు బిళ్ల కట్టి, నూనె గుడ్డలో చుట్టి, నా బీరువాలో పెట్టి తాళం వేశాను. వాటిని తిరిగి ఇవ్వాలంటే జాబితా మీద మేనేజరు సంతకం ఉండాలి. జాబితా రాసేది నేను. పది భాగాల కింద పదకొండో అంశం చేర్చాను: "మొదటి యూనిట్‌లో మేనేజరు చెప్పినందున వీటిని తీయకుండా బ్లోయింగ్ చేశాం. సీటు అందుకే పాడైంది. ఫిట్టరు తప్పు లేదు."

ఆదివారం బీర్‌గావ్ వెళ్లి ఆ కాగితం బాబాయికి చూపించాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

"ఆడి పేరు రాసినావు, బాగుంది. తప్పుడు రిపోర్టు నువ్వే రాసినట్టు ఏదీ బాబూ?"

అది రాస్తే నా ఉద్యోగం పోతుందన్నాను.

"నాది పోనేదేటి?" అని ఆయన మళ్లీ పంపు మీదికి వంగాడు.

పిన్ని టీ తెచ్చి ఇచ్చింది. తాగడం అయ్యేదాకా ఆయన తల ఎత్తలేదు. అక్కడే పెన్ను తీసి, "అబద్ధపు రిపోర్టు రాసింది నేను" అని కింద చేర్చాను. ఆయన చదివాడు, కాగితం మడిచి నా జేబులో పెట్టాడు.

బ్లోయింగ్ మూడు రోజులు సాగింది. పైపు చివర పెట్టిన నున్నటి ప్లేటు మీద రవ్వల దెబ్బలు తగ్గితే పైపు శుభ్రపడినట్టు లెక్క. నాలుగో రోజు బాయిలర్ కంపెనీ ఇంజినీరు వచ్చి, ప్లేటు చూసి, సరేనన్నాడు. ఇక వాల్వు బిగించాలి కాబట్టి భాగాల జాబితా అడిగాడు. నేను కావాలని ఆగింది ఆ క్షణం కోసమే. కాగితం మేనేజరు ముందు పెట్టాను.

అతని వేలు పదో అంశం దాకా గబగబా దిగి, పదకొండో దాని మీద ఆగిపోయింది.

"యే క్యా హై? బెదిరిస్తున్నావా?"

"లేదు సర్, జాబితా."

బయట మాట్లాడుకుందామన్నాడు. తాళం చెవి నా జేబులో ఉందని, నేను ఇక్కడే ఉంటానని చెప్పాను. బాయిలర్ ఇంజినీరు కాగితం తన వైపు తిప్పుకుని చదివాడు. ఇది నిజమేనా అని అతన్ని అడిగాడు. మేనేజరు పెన్ను గట్టిగా నొక్కి సంతకం పెట్టాడు. కింది కాగితం మీద కూడా అచ్చు పడింది. ఆ కింది కాగితాన్నీ దాచుకున్నాను.

నాకు మెమో వచ్చింది, కన్ఫర్మేషన్ ఆరు నెలలు ఆగింది. సంతకం పడిన నాలుగో రోజున బాబాయికి గేటు పాసు తిరిగి వచ్చింది. సీటు బిగించింది ఆయనే. పని మధ్యలో మేనేజరు వచ్చి వెనక నిలబడ్డాడు.

"సాబ్, థోడా హటియే. వెలుతురు అడ్డం" అన్నాడు బాబాయి, తల తిప్పకుండానే.

మేనేజరు జరిగాడు. ఇంకొంచెం జరగమన్నాడు బాబాయి. మళ్లీ జరిగాడు. వెలుతురు మొదటినుంచీ సరిపోయేంత ఉందని నాకు తెలుసు, బాబాయికీ తెలుసు.