జ్వరం లేని ఇంట్లో బ్రెడ్డు

పరాయి దేశంలో, ఆడమ్స్‌టౌన్‌లోని తన ఇంట్లో మా అమ్మాయి ఆఫీసు కాల్‌లో ఉంటే, మనవరాలు బ్రెడ్డు ముక్కల్ని గుడ్డు, చక్కెర కలిపిన పాలలో ముంచి వేయిస్తోంది.

“నాలుగు ముక్కలకి రెండు గుడ్లు చాలే. మంట తగ్గించు, లోపల పచ్చిగా ఉండిపోతుంది,” అన్నాను. వెన్నలో చక్కెర ఎర్రబడే వాసన రాగానే మళ్లీ ఏడేళ్ల పిల్లనైపోయాను.

అప్పట్లో మా ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తేనే బ్రెడ్డు కొనేవారు. ఒక ఆదివారం నాన్న బ్రెడ్డు తెచ్చాడు. ఎవరికా అని అందరి నుదుళ్లూ తాకి చూశాను. నాన్నది, అమ్మది, తమ్ముడిది, అన్నీ చల్లగానే ఉన్నాయి. లెక్కలో ఇక మిగిలింది నేనే.

అమ్మ బాంబే టోస్టు చేసి నా ముందు పెట్టింది.

“అమ్మా, నాకేమైంది?”

“నీకేమవుతుందే? పిచ్చిమొహమా, తిను!”

దాస్తోందనుకున్నాను. జ్వరానికైతే పాలలో నానబెట్టిన ఉత్త బ్రెడ్డే పెట్టేవారు. ఇది ఇంత తియ్యగా ఉందంటే నా జబ్బు చాలా పెద్దదన్నమాట. ఏడుస్తూనే అంతా తినేశాను.

నాన్న ఉత్తినే, తినాలనిపించి తెచ్చి ఉంటాడని నాకు తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది.

మనవరాలు ప్లేటు తెచ్చింది. నా చెయ్యి దానంతటదే పిల్ల నుదుటి మీదికి వెళ్లింది.

“ఏంటి అమ్మమ్మా? ఐయామ్ గ్రాండ్!” అంది. బాగానే ఉన్నానని చెప్పడానికి ఇక్కడ అలాగే అంటారు.

చల్లగానే ఉంది. అప్పుడు తిన్నాను.