ఎనిమిది లేని సంఖ్య

ఇబ్రహీంపట్నంలో కొలువుల పరీక్షలకు కోచింగ్ తీసుకున్నవాళ్లందరికీ మత్తయి సార్ చెప్పే ఆ సంఖ్య తెలుసు. 12345679. అందులో ఎనిమిది ఉండదు. ఏదైనా అంకె చెప్పమంటాడు. ఏడంటే, ఏడు తొమ్మిదులు అరవై మూడుతో గుణించమంటాడు. జవాబులో తొమ్మిది ఏడులు వరుసగా దిగుతాయి. మూడంటే ఇరవై ఏడుతో, తొమ్మిది మూడులు! ఒకటిని ఎనభై ఒకటితో భాగిస్తూ పోతే ఈ అంకెలే సున్నాతో కలిసి తిరిగి తిరిగి వస్తాయని, ఎనిమిది మాత్రం ఎప్పటికీ రాదని చెప్పేటప్పుడు అరవై మూడేళ్ల మనిషి చిన్నపిల్లాడైపోతాడు. ఎవరైనా అలవాటుకొద్దీ ఎనిమిదిని ఇరికించారా, వాళ్ల పని అయిపోయినట్టే. "దాన్ని ఎవలు పిలిచిన్రు?" అని క్లాసంతా నవ్వేదాకా వదలడు.

రెండేళ్ల కిందట ఆయన అన్న, నలభై ఏళ్లు కాపురం చేసిన భార్యను పట్టుకుని "నువ్వెవలమ్మా?" అని అడిగాడు. ఆ మతిమరుపుతోనే పోయాడు. అప్పటి నుంచి మత్తయికి ఒకటే గుబులు. తన ఊరు మంచాల నుంచి వచ్చే బస్సులో రోజూ పొద్దున ఆ సంఖ్యను మనసులోనే గుణించుకుంటాడు. లెక్క కుదిరితే ఆ రోజుకు గండం గడిచినట్టే.

ఆ గురువారం లెక్క కుదరలేదు. ఏడుల మధ్యలోకి ఒక సున్నా వచ్చింది. మళ్లీ చేశాడు, మళ్లీ సున్నా. దిగడం మరిచిపోయి శేరిగూడ దాకా పోయి, ఆటోలో వెనక్కి వచ్చాడు.

క్లాసులో ఎవరి నమస్తేనూ అందుకోకుండా బోర్డు మీద వేసి చూశాడు. 7777777707. మిగతా ఏడులన్నీ ఉన్నాయి, ఆ పాడు సున్నా కూడా ఉంది. అన్నకు వచ్చిందే తనకూ వచ్చింది. బల్ల పట్టుకున్నాడు.

ముందు వరుసలో కూర్చునే బుష్రా, ఇద్దరు పిల్లల తల్లి, మెల్లగా అంది: "సార్, మీద ఎనిమిది రాసిన్రు."

చూశాడు. పైన గుణించిన సంఖ్యలో ఏడుకూ తొమ్మిదికీ నడుమ ఎనిమిది ఉంది. ఇంతేనా! పోయిన ప్రాణం లేచొచ్చింది. ఎవరి చేతికైనా వచ్చే పొరపాటే కదా.

"అవ్, కావాలనే రాసిన! ఎవలు కనిపెడ్తరో చూద్దామని పరీక్ష పెట్టిన," అని పెద్దగా నవ్వాడు. ఒకరిద్దరు నవ్వారు. మిగతావాళ్లు నోటుబుక్కుల్లోకి తలలు దించుకున్నారు. ఆ సంబరంలో ఆయన అది పట్టించుకోలేదు.

క్లాసు అయిపోయి అందరూ వెళ్లాక బుష్రా ఆగింది. "సార్, ఏమనుకోకున్రి. సోమవారం గూడ గిట్లనే ఎనిమిది రాసిన్రు. పరీక్ష పెట్టిన అనే అన్నరు. జర దవాఖానకు పోయి చూపించుకోన్రి."

మత్తయి సోమవారం కోసం వెతుక్కున్నాడు. బస్సు గుర్తులేదు, బోర్డు గుర్తులేదు, ఈమె ముఖం గుర్తులేదు. ఆ రోజు నిజంగ నేను క్లాసుకు వచ్చిన్నా అని అడగబోయి, అవ్ అంటుందేమోనని భయపడి ఊరుకున్నాడు.