బెల్లం తిన్న కత్తి

2006 మార్చిలో నన్ను అనకాపల్లి బైపాస్ పక్కన ఉన్న హైవే గస్తీ శిబిరంలో వేశారు. రోడ్డు నిర్వహణ చూసే ఒక కాంట్రాక్టు కంపెనీ మాది. నా హోదా రెస్క్యూ అసిస్టెంటు. పేరు గంభీరంగా ఉంటుంది గానీ, పనిలో సగం రోడ్డు మీద పడుకున్న గేదెల్ని లేపడం, మిగతా సగం బోల్తా పడ్డ బండ్లలోంచి మనుషుల్ని తీయడం. గేదెలే నయం, సాక్షి సంతకం అడగవు. అలా పద్నాలుగేళ్ళు చేశాక నా నడుము నాకంటే ముందే పదవీ విరమణ చేసింది. నలభై నిండకుండానే దాని వెనక నేనూ చేశాను.

శిబిరమంటే ఒక రేకుల షెడ్డు, ఒక జీపు, ఒక క్రేన్. జీపుకి, మాకు అధిపతి రూట్ ఆఫీసరు సత్యారావు గారు. సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చిన మనిషి. టీ తాగినా టైము రాసుకునేవారు. క్రేన్ నడిపేది అప్పలనాయుడు మామ. ఆయనకి కె. కోటపాడు దగ్గర చెరకు తోట, బెల్లం వండే గానుగ ఉన్నాయి. క్రేన్ ఉద్యోగం తనకి సైడు బిజినెస్ అని ఆయన నమ్మకం.

ఆ రోజుల్లో మా వైపు సీటు బెల్టు పెట్టుకున్న మనిషి కనిపిస్తే ఆగి చూసేవాళ్ళం. కార్లలో బెల్టులు కొన్ననాటి ప్లాస్టిక్ తొడుగుతో సహా సీటు వెనక భద్రంగా ఉండేవి. అలాంటిది ఏప్రిల్‌లో ఒక కారు కాలవలోకి ఒరిగింది. లోపల ఉన్నాయన బెల్టు పెట్టుకుని ఉన్నాడు! దెబ్బలేమీ లేవు, బయటికి రాలేడు, అంతే. మా దగ్గర ఉన్నది విరిగిన హాక్సా బ్లేడు ముక్క. దాంతో మామ, నేను వంతులేసుకుని కోశాం. చెమటలు కారాయి. చుట్టూ జనం మూగారు. పది నిమిషాల తర్వాత ఆయనే నీరసంగా, "ఆ ఎర్ర బటను ఓసారి నొక్కి చూస్తారా?" అన్నాడు.

నొక్కాం. వచ్చేసింది.

ఆ సాయంత్రం సత్యారావు గారు మమ్మల్ని నిలబెట్టి రెండు మాటలు చెప్పారు. ఒకటి, ముందు బటను నొక్కాలి. రెండు, బటను రాని రోజు కూడా ఉంటుంది, ఆ రోజు మనిషి ప్రాణం ఈ బ్లేడు ముక్క చేతిలో ఉండకూడదు. బెల్టు కోసే కత్తులు కావాలని విశాఖపట్నం ఆఫీసుకి రాశారు. అక్కడి ప్రాజెక్టు మేనేజరు మూడు రకాల మడత కత్తులు, రకానికి ఒకటి చొప్పున పంపించారు. పరీక్షించి ఏది మేలో తేల్చండి, నేనొచ్చి కళ్ళారా చూస్తాను, నమ్మకం కుదిరితే గస్తీ బండ్లన్నింటికీ కొంటాం, లేదంటే హాక్సా బ్లేడే శరణ్యం అన్నది ఉత్తరం సారాంశం.

పరీక్ష వారం రోజులు సాగింది. పాత సామాను దుకాణం నుంచి బెల్టు ముక్కలు ఒక గోనెసంచీడు తెచ్చాం. బెల్టు ఒక కొసని క్రేన్ కొక్కేనికి కట్టి, రెండో కొసకి ఇసుక బస్తా వేలాడదీసేవాళ్ళం. అంటే బరువుతో వేలాడుతున్న మనిషి అన్నమాట. సత్యారావు గారు ఈల వేస్తే మామ కోసేవాడు, ఎన్ని కోతలకి తెగిందో నేను పైకి లెక్కపెట్టి పుస్తకంలో రాసేవాణ్ణి. బస్తా దబ్బుమని పడ్డప్పుడల్లా మామ, "పోయేడు పాపం" అనేవాడు.

మొదటిది మామూలు నున్నటి అంచు కత్తి. బెల్టు బిగువుగా ఉంటే ఏడు కోతలు. వదులుగా ఉంటే జారిపోతుంది. ఒకసారి అలాగే జారి సత్యారావు గారి కుర్చీ రెగ్జిను కోసింది. "ఇతర వస్తువుల మీద పనితీరు: అద్భుతం" అని రాశాను. ఆయన ఎర్ర పెన్నుతో కొట్టేశారు. రెండోది రంపపు పళ్ళది. నాలుగు కోతలు. మూడోదాన్ని మేం కొక్కెం అనేవాళ్ళం. దాని అలుగు కొడవలిలా లోపలికి వంగి ఉంటుంది, పదునంతా ఆ వంపులోనే. బెల్టు అంచుని వంపులో ఇరికించి ఏటవాలుగా ఒక్క లాగు లాగితే తెగిపోతుంది. మనిషికి గుచ్చుకునే మొన కూడా లేదు. తడిపి చూశాం, మట్టి పూసి చూశాం, ఎడం చేత్తో చూశాం. కొక్కేనికి తిరుగులేదు. మొదటి రెండూ కోసి కోసి మొద్దుబారిపోయాయి. కొక్కేన్ని సత్యారావు గారు తుడిచి, గుడ్డలో చుట్టి, సొరుగులో పెట్టారు. మా ఆవిడ నగలు కూడా అంత భద్రంగా ఉండవు.

మేనేజరు గారు వచ్చే రోజు రానే వచ్చింది. ఇసుక బస్తా ఆయనకి ఆనదని సత్యారావు గారు ప్రదర్శన పెంచారు. తుక్కు కింద పోవాల్సిన ఒక మారుతీ వ్యాన్‌ని క్రేన్‌తో తలకిందులుగా పెట్టించారు. లోపల బెల్టుతో వేలాడటానికి ఒక మనిషి కావాలి. సత్యారావు గారు అధికారి. మామ బరువుకి బెల్టు ముందే తెగుతుంది. మిగిలింది నేను.

"భయపడకు అల్లుడా, ఒక్క లాగుడే కదేటి" అన్నాడు మామ.

"లాగేది నువ్వు, వేలాడేది నేను మామా" అన్నాను.

వేలాడాను. ప్రపంచం తిరగబడింది. మేనేజరు గారి బూట్లు, ఆయన వెనక వచ్చిన గుమస్తా చెప్పులు, ఆ వెనక మేస్తున్న ఒక మేక కనిపిస్తున్నాయి. రక్తమంతా తలలోకి దిగింది. మామ ఒక చేత్తో నా భుజాన్ని అదిమిపెట్టాడు. కోసే ముందు మనిషిని పట్టుకోవాలని నిబంధన. నేను రాసిందే, అందుకే బాగా గుర్తు. పద్ధతి ప్రకారం ముందు బటను నొక్కాడు. నా బరువంతా దాని మీదే ఉంది కాబట్టి అది కదల్లేదు. అంతవరకు ప్రదర్శన దివ్యంగా ఉంది. సత్యారావు గారు ఈల వేశారు.

మామ కొక్కేన్ని తెరవబోయాడు. తెరుచుకోలేదు. గోరు పెట్టి లాగాడు. పళ్ళతో లాగాడు. పంచెతో పట్టి లాగాడు.

"ఏటైంది మామా?"

"ఊరుకోరా, వత్తాది."

అది రాలేదు గానీ, నా ముక్కు దాకా ఒక కమ్మటి వాసన వచ్చింది. లేత పాకం బెల్లం.

"మామా," అన్నాను మెల్లిగా, "దీనికేం పెట్టావు?"

ఆయన నా చెవి దగ్గరికి వంగాడు. "కొత్త కత్తికి తొలీత బెల్లం తినిపించాల్రా. మా గానుగ కాడ తాత నాటి నుంచీ అదే ఆచారం. పొద్దున్న సొరుగు తీసి, బెల్లం అచ్చు మీద రెండు గాట్లు పెట్టి, మడిచి మళ్ళీ పెట్టేసేను. మంచిదవుద్దని సేసేను గదా!"

మంచిదే అయింది. అలుగుకి అంటిన మెత్తటి బెల్లం మడత కీలులోకి దిగి, ఆరి, రాయైంది.

"ఏం జరుగుతోంది?" అన్నారు బూట్లు.

సత్యారావు గారి ఈల నోట్లోంచి జారి నేలమీద పడింది. ఏడాదికి సరిపడా కళ్ళు ఎర్రబడ్డాయి ఆయనకి. నాకు తల తిరుగుతోంది, చెవుల్లో సముద్రం హోరు. అంత కంగారులో కూడా నాకొచ్చింది నవ్వు. తలకిందులుగా నవ్వితే అది ముక్కులోకి పోతుంది. నేను నవ్వడం చూసి మామ మొదలెట్టాడు. నా భుజం మీద ఆయన చెయ్యి వణుకుతుంటే వ్యాను మొత్తం ఊగింది.

"నవ్వింది చాలు! రంపం, రంపం!" అని సత్యారావు గారు మొద్దుబారిన కత్తిని మామ చేతిలో కుక్కారు.

మామ కోయడం మొదలెట్టాడు. వారం రోజుల అలవాటు కొద్దీ నేను పైకి లెక్కపెట్టాను. నాలుగు దగ్గర తెగాలి. తెగలేదు. తొమ్మిది, పది. పదమూడు దగ్గర కళ్ళ ముందు చుక్కలొచ్చాయి, నవ్వు ఆగిపోయింది. పదిహేను దగ్గర మామ నవ్వు కూడా ఆగింది. "నువ్వొక్కడివీ ఎలా మోత్తావు, తెగితే తలమీద పడిపోతాడు" అని ఎవరో అన్నారు. చూస్తే గుమస్తా. ఆ మాటకి మేనేజరు గారు తెల్ల చొక్కాతో నేలమీద పాకి లోపలికొచ్చి, నా భుజాల కింద తన భుజం పెట్టారు. ఇరవై మూడో కోతకి బెల్టు తెగింది. నేను ఆయన మీద పడ్డాను. ఆయన దేని మీద పడ్డారో నేను చూడలేదు, ఆయన చెప్పలేదు.

అందరం బయటికొచ్చాక మేనేజరు గారు చొక్కా దులుపుకుని కొక్కేన్ని చేతిలోకి తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పి, ఇందులో ఏముందని అడిగారు. సత్యారావు గారు తుప్పు అనబోయారు. నేను ఇసుక అందామనుకున్నాను. మామ మా ఇద్దరికంటే ముందు ఒకడుగు వేసి, "బెల్లమండి. నేనే ఎట్టేను. ఆళ్ళకి తెల్దు. తియ్యాలనుకుంటే నన్ను తీసెయ్యండి" అన్నాడు.

మేనేజరు గారు కీలు దగ్గర గోటితో గీరి నాలిక మీద వేసుకున్నారు. "వేడి నీళ్ళు తెండి" అన్నారు.

కొక్కేన్ని వేడి నీళ్ళలో ముంచితే రెండు నిమిషాల్లో తెరుచుకుంది. వ్యాన్‌లో వేలాడుతున్న మిగిలిన బెల్టుని ఆయనే ఒక్క లాగుకి కోసి చూశారు. కత్తులు మంజూరయ్యాయి. బండికి ఒకటి కాదు, రెండు. పరీక్షలకి వాడిన కత్తిని మళ్ళీ బండిలో పెట్టకూడదని, మొద్దుబారినా బారకపోయినా దాన్ని విధుల నుంచి తప్పించాలని షరతు పెట్టారు. మామ మీద చర్య తీసుకోలేదు. వెళ్ళేటప్పుడు ఆయన జీపులోకి రెండు బెల్లం అచ్చులు ఎక్కాయి, అవి లంచమా కాదా అన్నది నేను పరీక్షించలేదు.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇది. కత్తి ఎంత బాగా కోస్తుందన్నది రెండో ప్రశ్న. తెరుచుకుంటుందా అన్నది మొదటిది. మేం వారమంతా రెండో ప్రశ్నకే జవాబు రాశాం. ఆ తర్వాత రోజూ డ్యూటీ ఎక్కేముందు ప్రతి కత్తినీ తెరిచి, మూసి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవాళ్ళం. సత్యారావు గారు రిజిస్టరులో దానికి రెండు గడులు గీశారు: తెరుచుకుందా, వాసన ఉందా. మా రిజిస్టరు నమూనానే మిగతా శిబిరాలకీ వెళ్ళింది. ఆ రెండో గడి ఎందుకో తెలియని వాళ్ళు కూడా ఏళ్ళ తరబడి పొద్దున్నే కత్తి వాసన చూసి "లేదు" అని రాశారు. వాసన కోసమైనా తెరిచి చూసేవాళ్ళు కాబట్టి నేనెప్పుడూ కారణం చెప్పలేదు.