రెండు వేళ్ల సందు

మా బావమరిది పదకొండు వేల తలుపులు తగలబెట్టాడు. సరే, పదకొండు వేలు కాదు. బడిలో అబద్ధాలకు గోడకుర్చీ వేయించిన కాన్వెంట్ సిస్టర్లు పైనుంచి చూస్తుంటారు కాబట్టి నాలుగు వందలనుకోండి. తగలబెట్టిన మాట మాత్రం నిజం. అదే అతని ఉద్యోగం. మంటలను ఆపుతాయంటూ కంపెనీలు పంపిన తలుపులను పెద్ద ఫర్నేసుకు బిగించి, గంటసేపు నిలబడితేనే సర్టిఫికెట్ మీద సంతకం పెడతాడు. యాభైతొమ్మిదో నిమిషంలో పొగ వదిలినా పెట్టడు. ఇంట్లో మేమంతా అతన్ని కొలిమి అంటాం.

కొలిమి కూతురు కొత్త ఫ్లాట్‌లో దిగింది. ఏడో అంతస్తు, ఇద్దరు పసివాళ్లు, కిందికి ఒకటే మెట్లదారి. మొదటిసారి వెళ్లిన పెద్దమనిషి కూతురి ఇల్లు చూడటం మానేసి, మెట్ల దగ్గర మంటలను ఆపే తలుపు ముందు బోర్లా పడుకుని స్కేలు పెట్టాడు. పక్క ఫ్లాటావిడ పడిపోయాడనుకుని పరుగున నీళ్లు తెచ్చింది.

తలుపు కింద రెండు వేళ్ల సందు. టైల్స్ తర్వాత వేశారట, తలుపు నేలకు తగిలిందట, వడ్రంగి అడుగున కోసేశాడట. వేడికి ఉబ్బి పొగను ఆపాల్సిన పట్టీ ఆ ముక్కతోనే పోయింది. అన్ని అంతస్తుల్లోనూ అంతే.

వడ్రంగిని నిలదీస్తే, మరి తలుపు తెరుచుకోవద్దా బాబాయ్ అన్నాడు. అదీ న్యాయమే. బిల్డరు ఫైర్ ఇన్‌స్పెక్టరును అడగమన్నాడు. ఇన్‌స్పెక్టరు తలుపు అంచున ఉన్న లేబుల్ మీద వేలు పెట్టాడు.

"సర్టిఫికెట్ మీద సంతకం మీదే కదండీ. మీ సంతకాన్ని మీరే నమ్మకపోతే మేమెలా నమ్మేది?"

తాను కాల్చి పాస్ చేసింది అదే రకం కోయని తలుపునని ఎంత మొత్తుకున్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఆఫీసులో పెద్దాయన, గేటు దాటిన తలుపుతో మనకేం పని అన్నాడు. చివరికి కొలిమి, ఇల్లు మారమని కూతుర్ని బతిమాలాడు.

"ఎక్కడికి నాన్నా? వడ్రంగులు లేని ఊరికా?" అంది.

ఇప్పుడు ప్రతి ఆదివారం మనవల్ని ఆడించే వంకతో వెళ్లి, ఆ తలుపు కింద తడిగుడ్డ కుక్కి వస్తాడు. అది నిమిషం కూడా నిలవదని అతనికంటే బాగా ఎవరికి తెలుసు? సోమవారం తుడిచే మనిషి దాన్ని తీసి పారేస్తుంది.

ఇదంతా రాసి అతనికి చదివి వినిపించాను. వింటూనే ఆదివారానికి పాత తువ్వాలొకటి మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

"అన్నీ నీ కోతలే బావా. ఆ తలుపుకి సందే లేదు. నేనేం కొలవలేదు. అమ్మాయి ఇల్లు బాగుంది."