నేను చెయ్యని ఫోను

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మేవాడినైతే అన్ని దెయ్యాలను పుట్టించి ఉండేవాడినే కాదు. మలికిపురం దగ్గర మా కొబ్బరి పీచు మిల్లులో, పీచు ఆరబెట్టే దొడ్లో తెల్లచీర మనిషి తిరుగుతోందని ప్రచారం చేసింది నేనే. లోడింగు వాళ్లు మధ్యాహ్నం అటు వెళ్లి కునుకు తీయకుండా ఉండడానికి చెప్పాను. మూడు నెలలు తిరిగేసరికి ఆవిడను కళ్లారా చూశామన్నవాళ్లు నలుగురు తయారయ్యారు. అందుకని ఎవరు దెయ్యం మాటెత్తినా నాకు నవ్వొస్తుంది.

ఇప్పుడు చెప్పబోయేదానికి మాత్రం నవ్వు రావడం లేదు. కోపం వస్తోంది.

ఆ మిల్లులో నేను గేటు గుమస్తాని. హాజరు వేస్తాను, లారీలు చూస్తాను, ఫోన్లు దాస్తాను. యంత్రం ముందు ఫోను చూసుకుంటూ చేతులు పోగొట్టుకుంటారని, పనిలోకి వచ్చే ప్రతివాళ్ల ఫోనూ నా గదిలో చెక్కపెట్టెలో పెట్టించి తాళం వేస్తాను. తాళంచెవి నా మొలతాడుకే ఉంటుంది. గది గోడ మీద ఒక బోర్డు. "ప్రమాదము గానీ అనారోగ్యము గానీ సంభవించిన ఎడల మొదట మేనేజరు గారికి తెలియజేయవలెను." నీలం రంగుతో ఆ అక్షరాలు రాసింది కూడా నేనే. నా దస్తూరీ బాగుంటుందని పేరు.

మొన్న వేసవిలో, భోజనాలయిన కాసేపటికి, లక్ష్మీకాంతం కుడిచెయ్యి పీచు తీసే యంత్రంలోకి పోయింది. యంత్రానికి కొబ్బరి డొక్కలు అందించే పని ఆవిడది. పక్కనే ఉన్న వీరవేణి యంత్రం ఆపి, చెయ్యి బయటికి తీసి, తన తువ్వాలు గాయం మీద పెట్టి రెండు చేతులతో అదిమి పట్టింది.

తరవాత జరిగింది ఊరంతటికీ తెలుసు, నేనే చెప్పాను కాబట్టి. కేక వినగానే షెడ్డులోకి దూకాను. క్షణం ఆలోచించకుండా 108కి ఫోను కొట్టాను. కళ్లు తిరిగి పడబోతున్న పదిమందిని గద్దించి నిలబెట్టాను. వెనక గేటు గొలుసు ఉత్తచేతులతో తెంపి అంబులెన్సును లోపలికి తెచ్చాను. ఐనవిల్లి గుడిలో వినాయకుడి ఎదుట నిలబడి కూడా ఇదే చెప్పాను. మిల్లు యజమాని నాకు శాలువా కప్పారు.

అంతా అబద్ధం. గొలుసు సంగతి మీకు ఈపాటికే అనుమానం వచ్చుంటుంది, తాళంచెవితోనే తీశాను. పదిమందీ నా గద్దింపు లేకుండానే నిలబడ్డారు, వణికింది నేను. వీటన్నిటికన్నా పెద్ద అబద్ధం ఇంకొకటి ఉంది. 108కి నేను ఫోను చెయ్యలేదు.

ఫోను నా చేతిలోనే ఉంది. మేనేజరు గారికి చేస్తున్నాను. ఆయన ఎత్తడం లేదు.

"గుమస్తా గారూ, నూట ఎనిమిదికి కొట్టండి బాబూ! మనిషి తెల్లగా పాలిపోతంది," అంది వీరవేణి.

"ఆయ్, కొడతానమ్మా. మేనేజరు గారి చెవిన ఒక్క మాట వేసి..."

"ఆయన చెవిన ఏస్తే దీని రగతం ఆగుద్దా అండీ? పోనీ నా ఫోనన్నా ఇచ్చెయ్యండి!"

"ఉండమ్మా, ఎత్తేలా ఉన్నారు."

అంత మంటలోనూ ఆవిడ 'అండీ' వదల్లేదు, నేను 'ఆయ్' వదల్లేదు. మా వైపు మర్యాద అలా ఏడుస్తుంది. పెద్దాయనకు చెప్పకుండా అంబులెన్సును పిలిస్తే ఆయన్ని లెక్కచెయ్యనట్టు. కాళ్ల దగ్గర మనిషి రక్తం మడుగు కడుతోంది, నేను ఒకాయన ఏమనుకుంటారోనని నిలబడ్డాను. రాస్తుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతోంది.

ఏడుసార్లు చేశాను. ఎనిమిదోసారి చెయ్యబోతుంటే వెనక గేటు దగ్గర సైరన్ వినపడింది.

లక్ష్మీకాంతాన్ని ఎక్కించాక, అంబులెన్సులో వచ్చిన కుర్రాడు నా భుజం తట్టాడు. "ఫోను చేసింది మీరే కదండీ? గొంతు పోల్చుకున్నానండి. ఇంత వివరంగా ఎవరూ చెప్పరండి. అరుస్తారు, ఏడుస్తారు, ఊరు పేరు కూడా చెప్పకుండా పెట్టేస్తారు."

నేను ఏం చెప్పానో అతనే నాకు చెప్పాడు. మండలం, ఊరు, మిల్లు. ముందు రోడ్డులో కల్వర్టు తవ్వేశారు, మీ ఫోనులో మ్యాపు అటే చూపిస్తుంది, దాన్ని నమ్మొద్దు, కాలువ గట్టు మీదుగా వెనక గేటుకి రండి. ఒక్కరికే దెబ్బ. యంత్రం ఆపేశాం. మనిషి తెలివిలోనే ఉంది, ఊపిరి తీసుకుంటోంది. గాయం మీద గుడ్డ అదిమి పట్టాం. మలుపులో ఎర్ర తువ్వాలుతో మనిషిని నిలబెడతాను. అవతలివాళ్లు చాలనేదాకా ఫోను పెట్టలేదట.

"దారిలో నేను చేస్తే కూడా ఎత్తేరు కదండీ," అంటూ తన ఫోను చూపించాడు. నా నంబరే. రెండు నిమిషాల పైన మాట్లాడినట్టుంది.

నా ఫోనులో మేనేజరు గారికి చేసిన ఏడు కాల్సే ఉన్నాయి. వెళ్లింది గానీ వచ్చింది గానీ ఇంకొకటి లేదు. రాజోలులో ఫోన్లు బాగుచేసే అతనికి చూపించాను. ఏదీ చెరిపినట్టు లేదన్నాడు.

మలుపులో ఎర్ర తువ్వాలు మనిషి నిజంగానే నిలబడి చెయ్యి ఊపాడట. అతనికి పాదాలు లేవని నేను రెండుచోట్ల చెప్పాను. అదీ కల్పనే. అతన్ని చూసిన అంబులెన్సు డ్రైవరు పాదాల వంక చూడలేదట. కానీ ఆ సమయంలో మిల్లు మనుషులంతా షెడ్డులోనే ఉన్నారు. హాజరు పట్టీ పెట్టుకుని ఒక్కొక్కరినీ అడిగాను. ఎవరూ అటు వెళ్లలేదు.

లక్ష్మీకాంతానికి రెండు వేళ్లు పోయాయి. ప్రాణం దక్కింది. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు ఆసుపత్రిలో. నెల తరవాత వీరవేణిని వెంటబెట్టుకుని, అరటిపళ్లు పట్టుకుని మా ఇంటికొచ్చింది. కాళ్లకు దండం పెట్టబోతే ఇక ఆగలేక నిజం చెప్పేశాను.

లక్ష్మీకాంతం నవ్వేసింది. "ఊరుకోండి బాబాయిగారూ, మీ పరాచికాలూ మీరూను. కిందపడున్నా నాకు ఇనపడతానే ఉంది. మీ గొంతే. ఎనక గేటుకి రండి, ఎనక గేటుకి రండి అని రెండుసార్లు అన్నారు."

"ఏం అన్లేదే," అంది వీరవేణి. "నా ఎదురుగానే చెవికి ఫోను ఆనించుకుని శిలలా నిలబడ్డారు. మేనేజరు గారి మాట తప్ప ఒక్క ముక్క బయటికి రాలేదు. నేను లోపల్లోపల ఎన్ని తిట్టేనో."

ఇద్దరూ మా అరుగు మీద కూర్చుని అరగంట వాదించుకున్నారు. ఇద్దరికీ అబద్ధం చెప్పాల్సిన పనిలేదు. ఆ పని నాది.

మర్నాడు ఆ బోర్డు గీకేశాను. ఎవరికి ఏం జరిగినా ముందు 108, ఎవరి అనుమతీ అక్కర్లేదు, మేనేజరు గారికి తరవాత అని రాశాను. చెక్కపెట్టె తాళం తీసి కాలువలో పారేశాను. "ఏటండీ ఇది, 'తరవాత' అని రాసేరు?" అన్నారు మేనేజరు గారు. "ఆయ్, తరవాతేనండి," అన్నాను. ఉద్యోగం తీసేస్తారేమో తీసెయ్యనివ్వండి.

ఇంకొక్కటి మిగిలింది. రెండేళ్ల కిందట అదే షెడ్డులో సత్తిబాబు అనే లోడింగు మనిషి గుండె పట్టుకుని కూలబడ్డాడు. అప్పుడు మేనేజరు గారు వెంటనే ఎత్తారు. "అంబులెన్సు వద్దు, మిల్లు పేరు పోద్ది. ఆటోలో ఏసి మన డాక్టరు గారి దగ్గరికి పంపెయ్యండి," అన్నారు. ఆయ్ అన్నాను. ఆటో దారిలో ఉండగానే సత్తిబాబు పోయాడు. ఆ రోజు నేను సెలవులో ఉన్నానని ఇన్నాళ్లూ ఊళ్లో చెప్పుకొచ్చాను. సెలవులో లేను. ఫోను చేత్తో పట్టుకుని అక్కడే ఉన్నాను.

ఆ రోజు నా గొంతుతో ఎవరూ మాట్లాడలేదు. మలుపులో ఎవరూ నిలబడలేదు. అంత చక్కగా దారి చెప్పగలిగినవాడు ఎవడో, లక్ష్మీకాంతం కోసం వచ్చినవాడు సత్తిబాబు కోసం ఎందుకు రాలేదో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టడం లేదు. ఎప్పుడైనా ఎదురుపడితే వాడికి దండం మాత్రం పెట్టను. ముందు చెంప పగలగొట్టి, అప్పుడు అడుగుతాను.