బంతి ఆగిన అంతస్తు

1981 ఏప్రిల్‌లో, ఒహాయో రాష్ట్రంలోని ఒక రబ్బరు పరీక్షాశాలలో నాకు నాలుగో ఏడు నడుస్తుండగా, ఈ పని నా బల్ల మీదికి వచ్చింది. నా హోదా టెస్ట్ ఇంజనీర్. పరీక్ష చేయడం, లెక్క కట్టడం, రిపోర్టు రాయడం నా వంతు. దాని కింద సంతకం పెట్టడం మాత్రం సీనియర్ ఇంజనీర్ వంతు. మా సీనియర్ పేరు వాల్టర్. అప్పటికి నేను రాసిన రిపోర్టులు రెండు వందల పన్నెండు. ఒక్కదాని మీదా నా పేరు లేదు. నా రిపోర్టులకి నేనే సంతకం పెట్టుకునే అధికారం ఇవ్వమని రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ ఆయన చూద్దామన్నాడు.

ఒక బొమ్మల కంపెనీ కొత్త రబ్బరు బంతి తయారుచేసింది. నిమ్మకాయంత ఉంటుంది, బరువు యాభై గ్రాములు. ఇరవై అంతస్తుల మీంచి వదిలినా ఐదింట నాలుగు వంతుల ఎత్తు తిరిగి లేస్తుందని ప్రకటన వేసుకోవాలని వాళ్ల కోరిక. ఆ మాట నిజమేనని మా కాగితం కావాలి.

పరీక్షాశాలలో పద్ధతి సులువు. రెండు మీటర్ల ఎత్తు నుంచి ఉక్కు పలక మీదికి బంతిని వదిలి, ఎంత లేచిందో స్కేలు మీద చూస్తాం. ఇరవై సార్లు వదిలాను. సగటున మీటరు అరవై రెండు సెంటీమీటర్లు లేచింది. అంటే నూటికి ఎనభై ఒకటి. వాల్టర్ పెన్సిలు తీశాడు. భవనం ఎత్తు అరవై మీటర్లు, అందులో ఎనభై ఒక్క శాతమంటే నలభై ఎనిమిదిన్నర, అంటే పదిహేడో అంతస్తు. అయిపోయిందన్నట్టు కాఫీకి లేచాడు. రబ్బరు విషయంలో ఆయన దిట్ట. ఆయన చేయి పెట్టిన మిశ్రమం చెడిపోగా నేను చూడలేదు. కాకపోతే, రబ్బరు చుట్టూ గాలి కూడా ఉంటుందన్న సంగతి ఆయనకి అంతగా పట్టేది కాదు.

రెండు మీటర్లు పడే బంతిని గాలి పెద్దగా ఆపదు. అరవై మీటర్లు పడే బంతి సంగతి వేరు. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. గాలే లేకపోతే ఆ బంతి సెకనుకు ముప్ఫై నాలుగు మీటర్ల వేగంతో నేలను తాకాలి. గాలి ఉంది కాబట్టి ఇరవై ఆరున్నర. లేచేటప్పుడు మళ్లీ అదే గాలి. రెండు పూటలు కూర్చుని కడితే ఇరవై మూడు మీటర్లు తేలింది. ఎనిమిదో అంతస్తు. ఇక్కడ నేల అంతస్తునే ఒకటో అంతస్తు అంటారు, అదీ చూసుకునే కట్టాను.

రబ్బరు కలిపే విభాగంలో రామ్మోహన్ అని తెనాలి కుర్రాడు కెమిస్టుగా ఉండేవాడు. నా కాగితం చూసి, "ఏంటక్కా, వాల్టర్ పదిహేడు దాకా పంపిస్తే మీరు ఎనిమిదిలోనే దింపేశారు? బంతికి వీసా స్టాంప్ కాలేదా?" అన్నాడు.

వాల్టర్‌కి చూపిస్తే, నిజంగానే భవనం మీంచి వదిలి చూద్దామన్నాడు. నా అంకె పది శాతం తేడాలోపు ఉంటే సంతకం అధికారం ఇస్తానన్నాడు. లేకపోతే ఇంకో ఏడాది ఆ మాట ఎత్తకూడదన్నాడు. మా రిపోర్టు ఫారంలో 'అంచనా' అని ఒక గడి ఉంటుంది. పరీక్షకు ముందే అందులో సిరాతో అంకె రాయాలి, తర్వాత కొట్టివేయకూడదు. ఇద్దరం చెరొక అంకె రాసి, పక్కన పొడి అక్షరాలు వేశాం.

ఏప్రిల్ 25, శనివారం. ఇంకా ఎవరూ అద్దెకు దిగని కొత్త ఆఫీసు భవనం. కింద మందపాటి ఉక్కు పలక పరిచాం. గోడ మీద మీటరుకొక తెల్ల గీత అంటించాం. ఎదురుగా ఒక టెక్నీషియన్ సినిమా కెమెరాతో ఉన్నాడు. రామ్మోహన్ డాబా మీద బంతులు వదలాలి. వాల్టర్ కాఫీ ఫ్లాస్కుతో పదిహేడో అంతస్తు కిటికీ దగ్గర కూర్చున్నాడు. నేను ఎనిమిదో అంతస్తు కిటికీ దగ్గర నిలబడ్డాను. ముగ్గురి దగ్గరా వాకీటాకీలు ఉన్నాయి.

మొదటి బంతి నా కిటికీ ముందు నుంచి గీత గీసినట్టు కిందికి పోయింది. పలక మోగింది.

"అక్కా, వచ్చిందా?"

"రాలేదు."

"పలక మధ్యలోనే పడిందక్కా, క్లియర్‌గా చూశాను."

"ఇంకోటి వదులు."

అదీ రాలేదు. ఏం మాట్లాడుకుంటున్నారని వాల్టర్ ఇంగ్లీషులో అడిగాడు. బంతి దారిలో ఉందట అని రామ్మోహన్ చెప్పాడు. తనకి అన్నీ కిందికి వెళ్లేవే కనిపిస్తున్నాయని వాల్టర్ అన్నాడు.

పద్దెనిమిది బంతులు వదిలాం. ఏడు పలక తప్పాయి. వాటిలో ఒకటి తాడు కట్టిన హద్దు దాటి బొమ్మల కంపెనీ ప్రతినిధి కారు బానెట్ మీద పడింది. అది రిపోర్టులో లేదు. పదో బంతికి నేను అద్దానికి నుదురు ఆనించి కిందికి చూశాను. రెండంతస్తుల కింద బంతి లేచి, ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరిగింది. ఆ కిటికీలో ఎవరూ లేరు.

ఫిల్ము కడిగి చూస్తే సగటు పదిహేడు మీటర్లు. ఆరో అంతస్తు. నా అంచనా ఆరు మీటర్లు ఎక్కువ, అంటే ముప్ఫై ఐదు శాతం తప్పు. వాల్టర్ తప్పుకి నేను శాతం కట్టలేదు, పెద్దవాడు.

పదిహేడు మీటర్ల నుంచి వెనక్కి లెక్క కట్టాను. పరీక్షాశాలలో బంతి తాకిన వేగంలో పదింట తొమ్మిది వంతులతో పైకి లేచింది. ఇక్కడ నాలుగింట మూడు వంతులే. పోయిన వేగం గాలిలో పోలేదు, బంతిలోనే పోయింది. గట్టిగా తాకితే రబ్బరు ఎక్కువ నలుగుతుంది, ఎక్కువ శక్తి వేడిగా మారిపోతుంది. ఈ సంగతి తనకి తెలుసని వాల్టర్ అన్నాడు. తెలిసీ ఎందుకు చెప్పలేదని అడిగితే, నువ్వు గాలి గురించే మాట్లాడావు కదా అన్నాడు. గాలిని మరిచాడని ఆయన్ని ఎత్తిపొడిచిన నేను రబ్బరును మరిచాను. అదీ రబ్బరు పరీక్షాశాలలో.

సోమవారం రిపోర్టు ఆయన బల్ల మీద పెట్టాను. గడిలో రెండు అంకెలూ సిరాతో ఉన్నాయి. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, సంతకం నువ్వే పెట్టమని నా వైపు జరిపాడు. నాది ముప్ఫై ఐదు శాతమనీ, షరతు పది అనీ గుర్తుచేశాను. నలభై ఎనిమిదిన్నర ఉన్న కాగితం కింద తన పేరు ఉండదన్నాడు. ఈ ఒక్కదానికైతే పెట్టననీ, ఇకపై నేను రాసే అన్నిటికీ అయితే రాతపూర్వకంగా ఇవ్వమనీ చెప్పాను. మధ్యాహ్నానికి ఉత్తర్వు ఆయనే టైపు చేశాడు.

"తప్పు లెక్కకి ప్రమోషన్ ఇచ్చిన ల్యాబ్ మనదేనేమో అక్కా," అన్నాడు రామ్మోహన్.

తక్కువ తప్పు లెక్కకి, అని సరిచేశాను.

నా సంతకంతో వెళ్లిన మొదటి రిపోర్టు అది, రెండు వందల పదమూడోది. బొమ్మల కంపెనీ ప్రకటనలో భవనం పోయి భోజనాల బల్ల వచ్చింది.

ఆ పరీక్ష నాకు రెండు విషయాలు నేర్పింది. ఒకటి, ఒక వేగం దగ్గర కొలిచిన అంకెను ఇంకో వేగానికి వాడితే అది కొలత కాదు, ఊహ. ఆ తర్వాత నా రిపోర్టులన్నిటిలో ఏ వేగం దగ్గర కొలిచామో రాసే వరుస ఒకటి చేర్చాను. రెండోది, పరీక్ష జరిగేటప్పుడు ఏ ఇంజనీరునీ తన జవాబు దగ్గర నిలబెట్టకూడదు.