రూతమ్మ ఆదివారాలు

తొంభైల మొదట్లో నన్ను తెనాలిలో సర్జరీ వార్డు నుంచి డెప్యుటేషన్ మీద పరిశోధన నర్సుగా వేశారు. హోదా స్టాఫ్ నర్సుదే. చెప్పులు మాత్రం త్వరగా అరిగేవి. పెద్దపేగు క్యాన్సరుకు ఆపరేషన్ అయినవాళ్లలో సగం మందికి ఏడాదిపాటు ఒక మాత్ర ఇస్తారు, మిగతా సగాన్ని పరీక్షలతోనే కనిపెట్టుకుని ఉంటారు. జబ్బు తిరగబెట్టడంలో తేడా ఉంటుందా అన్నది ప్రశ్న. ఎవరు ఏ సగంలో పడతారో సీలు వేసిన కవరు తేల్చేది. ఎంచుకునే హక్కు డాక్టరుగారికి కూడా లేదు.

మాత్రలు పద్నాలుగు రోజులకొకసారి, వరసగా మూడు రోజులు వేసుకోవాలి. రేపల్లె నుంచి బాపట్ల దాకా నా ఇలాకా. పొద్దున్నే ప్యాసింజరు కిటికీ పక్కన, ఒళ్లో రిజిస్టరు, కళ్ల ముందు తడిసిన వరిచేలు. అంత హాయిగా నేను మరే ఉద్యోగమూ చేయలేదు.

రోగులకిచ్చిన కార్డులు ఇంగ్లీషులో ఉండేవి. చాలామందికి తెలుగే చదవడం రాదు. నేనొక ఉపాయం పన్నాను: అమావాస్యకొకసారి, పౌర్ణమికొకసారి మొదలుపెట్టమన్నాను. పద్ధతిలో ఏ మార్పు చేసినా రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. నేను నోటిమాటగా కూడా అడగలేదు. బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డున వెంకన్న అనే జాలరి నవ్వాడు. “చంద్రుడి సంగతి మాకు చెప్పాలా సిస్టరమ్మా? పోటూ పాటూ చూసుకునే గదా మేం బతికేది!” నాకు గర్వంగా అనిపించింది.

వేమూరు రూతమ్మకూ అదే చెప్పాను. యాభై ఏళ్ల కూలిమనిషి, లూథరన్ కుటుంబం. “అట్టాగేనండి” అంది. నెలనెలా ఖాళీ మాత్రల అట్టలు తెచ్చి చూపించేది. రిజిస్టరులో తేదీల గడి నింపాలి కదా, ఆమెను అడిగే పనేముందని పంచాంగం చూసి అమావాస్య, పౌర్ణమి తేదీలే వేసేశాను. అందరికీ అలాగే వేశాను.

అయిదు నెలలు దాటాక నిబంధన ప్రకారం ఇంటికి వెళ్లి చూడాలి. అమావాస్య వెళ్లిన మూడో రోజున వేమూరులో దిగాను. రూతమ్మ దగ్గర ఆ విడత మాత్రల అట్ట చెక్కుచెదరకుండా ఉంది. రెండు విడతలు తప్పితే మాత్రలు ఆపేయాలన్నది నియమం, ఇది మొదటిది. నాకు ఒళ్లు మండింది. ప్రాణం మీద ఆశ లేదా అని అరిచేశాను.

ఆమె తల వంచుకుంది. “మా నాయన బాప్తిస్మం తీసుకున్నాక మా ఇంట్లో అమావాస్యలు చూడటం మానేశామండి. మీకు ఎదురు చెప్పటం బాగోదని ఊరుకున్నా. మానలేదండి, రెండు వారాలకోసారి వేసుకుంటానే ఉన్నా.”

లోపలికెళ్లి పాస్టరుగారిచ్చిన క్యాలెండరు తెచ్చింది. ఆదివారం విడిచి ఆదివారం, చర్చి నుంచి రాగానే ఒక విడత మొదలు. ఆది, సోమ, మంగళ, మూడు గళ్లలోనూ బొగ్గుతో చుక్కలు. తర్వాతి విడత వచ్చే ఆదివారం. వేళ్లమీద లెక్కపెట్టాను. ప్రతిసారీ సరిగ్గా పద్నాలుగు రోజులే.

అప్పుడు నా చంద్రుణ్ని లెక్కపెట్టాను. అమావాస్యకూ పౌర్ణమికీ మధ్య ఒకసారి పద్నాలుగు రోజులు, చాలాసార్లు పదిహేను. పది విడతలయ్యేసరికి వెంకన్నా మిగతావాళ్లూ వారం వెనకబడ్డారు. నా తెలివి తెల్లారినట్టే ఉంది. పైగా రూతమ్మ పేరు మీద నేను రాసినవన్నీ అబద్ధపు తేదీలు.

“మాత్రలు ఆపేస్తారా అండి?” అని అడిగింది. “ఈ ఏడు నాట్లకి నిలబడ్డానండి. ఆపొద్దండి.”

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. చెబితే నా ఉద్యోగం మీదికి రావచ్చు, తప్పుడు రికార్డని ఆమె పేరే కొట్టేయవచ్చు. భయం వేసింది. తిరుగు ప్రయాణంలో వరిచేలవైపు చూడలేదు.

మర్నాడు డాక్టరుగారి ముందు రిజిస్టరూ, రూతమ్మను అడిగి తెచ్చిన క్యాలెండరూ పక్కపక్కన పెట్టాను. ఆయన చాలాసేపు తిట్టారు, తర్వాత ఈ పరిశోధన నడిపే ప్రధాన కేంద్రానికి తానే ఉత్తరం రాశారు. జవాబు రావడానికి పదకొండు రోజులు పట్టింది. రూతమ్మను కొనసాగించమన్నారు, మిగతావాళ్ల తేదీలు ఇళ్లకు వెళ్లి సరిదిద్దమన్నారు, నాకు మెమో ఇచ్చారు. తప్పు తేదీల మీద, అవి కనబడేలా, ఒక్కొక్క గీత కొట్టి పొట్టి సంతకం పెట్టాను. రబ్బరుతో చెరపడం మా వృత్తిలో నేరం.

వెంకన్న రెండో ఏడు దాటలేదు. ఆ వారం తేడా వల్ల కాదని డాక్టరుగారన్నారు. నమ్మాను, కానీ ఇప్పటికీ పౌర్ణమినాడు అతను గుర్తొస్తాడు. రూతమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు నాట్లు వేసింది.

చివరికి ఆ మాత్రతో పెద్ద ప్రయోజనం లేదని తేలింది. రూతమ్మను నిలబెట్టింది ఆపరేషనే కావచ్చు. మాత్ర పనిచేయదని చెప్పాలన్నా, అది ఎప్పుడు వేసుకున్నారో నిజం తెలియాలి. మా రేపల్లె, బాపట్ల దారిలో ఆ నిజాన్ని మొదటి రోజు నుంచీ రాసిపెట్టింది జీతం తీసుకున్న నేను కాదు, బొగ్గుముక్కతో రూతమ్మ. రోగిని అడగకుండా తేదీ గడి నింపకూడదని నేను నేర్చుకున్నది ఆమె దగ్గరే.